జేసీబీ బాడుగ, ఆపరేటర్ సీటు: ఎఫ్1లో డ్రైవర్లు ఎందుకు మారతారంటే

చిత్తూరు పక్క పల్లెల్లో చెరువు మట్టి తోలాలన్నా, మామిడి తోటకి గుంతలు తీయాలన్నా జేసీబీని గంటల లెక్కన బాడుగకి పిలుస్తారు. బండితో పాటు ఆపరేటర్ కూడా ఓనర్ మనిషే వస్తాడు, మా పిల్లోడికి కూడా నడపడం వచ్చు, తాళాలు వాడికియ్యండి అంటే నవ్వి ఊరుకుంటారు. ఇంక పోయినసారి బాడుగ బాకీ గనక ఉందంటే ఓనర్ కొత్తగా పని నేర్చుకుంటున్న బామ్మర్దిని కూడా ఆ చేను మీదికే తోలుతాడు, రెండు గుంతలు వంకరగా తీసినా చేనాయన నోరు మెదపడు. ఫార్ములా వన్ (ఎఫ్1) కార్ల రేసుల్లో డ్రైవర్ మార్పుల వార్తలు చదివేటప్పుడు ఈ బాడుగ లెక్క గుర్తుంటే సగం విషయాలు తేలిగ్గా తెలిసిపోతాయి, ఎందుకంటే అక్కడ కూడా ఇంజిన్ అనేది కస్టమర్ టీముకి, అంటే ఇంకొకరి ఇంజిన్ వాడే టీముకి, సొంత ఆస్తి కాదు, బాడుగ సరుకే.

2025 మార్చిలో రెడ్ బుల్ టీము వాళ్ళు తమ డ్రైవర్ లియామ్ లాసన్‌ని రెండే రెండు రేసులు ఆడించి పక్కన పెట్టినప్పుడు తిరుపతిలో ఎఫ్1 చూసే కుర్రోళ్ళు, అంటే కొర్లగుంట రూముల్లో ఫోన్ స్టాండుకి పెట్టుకుని గుంపుగా చూసే బ్యాచ్, రెండు వర్గాలుగా చీలిపోయారు. చైనాలో క్వాలిఫయింగ్‌లో, అంటే రేసు ఎవరు ఏ స్థానం నుంచి మొదలెట్టాలో తేల్చే పరుగులో, చిట్టచివర నిలబడితే ఇంకేం చేస్తారు అని కొందరు, రెండు రేసులకే ఎవుడి సత్తా తెలుస్తుందిరా అని కొందరు. ఇద్దరి మాటా కరెక్టే గానీ ఒక సంగతి పెద్దగా ఎవరూ ఎత్తలేదు. లాసన్ బదులు వచ్చింది యుకీ సునోడా, అతను హోండా పెంచిన డ్రైవర్, వచ్చిన మొదటి రేసు సుజుకాలో, సుజుకా ట్రాక్ హోండాదే, ఆ ఏడాది రెడ్ బుల్ కారులో ఇంజిన్ కూడా హోండాదే. 2025 అయిపోగానే హోండా ఆస్టన్ మార్టిన్‌కి వెళ్ళిపోయింది, సునోడాకి 2026లో రేసు సీటు లేదు, రిజర్వ్ డ్రైవర్ అయ్యాడు. పాయింట్లు కూడా తక్కువే తెచ్చాడు, కాదనలేం, కానీ ఇంజిన్ ఉన్నప్పుడు సీటు వచ్చి, ఇంజిన్ పోయినప్పుడు సీటు పోయిందంటే దాన్ని ఊరికే కాకతాళీయం అని వదిలేయడం కష్టం.

అసలు ఒక ఇంజిన్‌కి అంత పలుకుబడి ఎక్కడినుంచి వచ్చింది అంటే 2014 దగ్గరికి వెళ్ళాలి. అప్పటిదాకా 2.4 లీటర్ల వీ8 ఇంజిన్లు ఉండేవి, మంచి గోల, మెకానిజం మాత్రం తెలిసినదే. 2014లో దాన్ని తీసేసి 1.6 లీటర్ వీ6 టర్బో హైబ్రిడ్ పెట్టారు. హైబ్రిడ్‌లో రెండు మోటార్లు. ఒకటి ఎంజీయూ-కె, ఇదేంటో తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డులో కిందికి దిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మలుపు మలుపుకీ బ్రేకు తొక్కీ తొక్కీ అలిపిరి చేరేసరికి చక్రాల దగ్గర ప్యాడ్లు కాలిన వాసన వస్తుంది చూడండి, ఆ వేడి అంతా గాల్లో కలిసిపోయిన శక్తే. అలా పోయేదాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలో దాచి మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రానికి ఇచ్చేదే ఎంజీయూ-కె. రెండోది ఎంజీయూ-హెచ్, సైలెన్సర్ వైపు పోయే వేడి గాలితో తిరిగే టర్బో షాఫ్ట్ నుంచి కరెంటు లాగేది, ఇదే అసలు తలనొప్పి, తయారు చేయడానికి మహా కష్టం, రోడ్డు మీద తిరిగే కార్లకి పెద్దగా పనికొచ్చేదీ కాదు. మెర్సిడెస్ ముందే బాగా ఖర్చు పెట్టి దాన్ని పట్టేసింది, రెనో, ఫెరారీ వెనకబడ్డాయి, 2015లో వచ్చిన హోండా అయితే మరీ అన్యాయం, ఆ ఏడాది బెల్జియంలో పార్టులు మార్చినందుకు మెక్‌లారెన్-హోండా కార్లు రెండింటికీ కలిపి గ్రిడ్‌లో, అంటే రేసు మొదలయ్యే వరసలో, 105 స్థానాలు వెనక్కి పొమ్మని పెనాల్టీ పడింది, గ్రిడ్‌లో ఉండేదే 20 కార్లు.

బిల్లు కూడా అలాగే పెరిగింది. 1967లో ఫోర్డ్ డబ్బుతో కాస్‌వర్త్ కట్టిన డీఎఫ్‌వీ ఇంజిన్‌ని ఆ తర్వాత ఎవరైనా 7,500 పౌండ్లు ఇచ్చి కొనుక్కుని సొంత కారుకి బిగించుకునేవాళ్ళు, గ్యారేజీలో ఐదుగురు మెకానిక్కులున్న టీము కూడా రేసు గెలిచేది, 1983 దాకా ఆ ఇంజిన్ 155 గ్రాండ్ ప్రీలు గెలిచింది. హైబ్రిడ్ వచ్చాక కొనడం అనే మాటే లేదు. సీలు వేసిన ఇంజిన్ వస్తుంది, దానితో పాటు సప్లయర్ ఇంజినీర్లు వచ్చి గ్యారేజీలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటారు, పని అయ్యాక ఇంజిన్‌ని తిరిగి వాళ్ళ ఫ్యాక్టరీకి తీసుకుపోతారు. ఒక సీజన్ బాడుగ రెండు కోట్ల యూరోల దాకా అయ్యేదని అప్పట్లో పాడాక్‌లో, అంటే టీములన్నీ మకాం వేసే చోట, అందరూ చెప్పుకున్న మాట. మొత్తం బడ్జెట్టే పది కోట్లు దాటని టీములకి అది ఎంత బరువో ఊహించుకోవచ్చు. హైబ్రిడ్ వచ్చిన ఏడాదే, 2014 అక్టోబర్‌లో, కేటర్‌హామ్, మారుస్సియా రెండూ చేతులెత్తేశాయి. మరుసటి ఏడాది కస్టమర్ ధరకి పరిమితి పెడదాం అని రూల్స్ పెట్టే సంస్థ ఎఫ్ఐఏ తీసుకొస్తే ఫెరారీ తన వీటో వాడి ఆపేసింది. చివరికి 2016లో బేరం కుదిరింది, 2017కి పది లక్షల యూరోలు తగ్గిస్తాం, 2018కి ఇంకో 30 లక్షలు తగ్గిస్తాం అని. తగ్గించారు సరే, ఆలోపు బాకీలు పేరుకుపోయాయి కదా. బాకీ ఉన్న చోటికి బామ్మర్ది రావడం అక్కడే మొదలైంది.

మేనర్ అనే చిన్న టీము కథ దీనికి బాగా సరిపోతుంది. మారుస్సియానే పేరు మార్చుకుని మేనర్ అయ్యింది, 2016కి మెర్సిడెస్ ఇంజిన్ తెచ్చుకుంది, ఇంజిన్‌తో పాటే మెర్సిడెస్ జూనియర్, అంటే ఆ కంపెనీ పెంచుతున్న కుర్ర డ్రైవర్, పాస్కల్ వెర్లైన్ వచ్చాడు. రెండో సీటు డబ్బు తెచ్చుకున్న ఇండోనేషియా కుర్రాడు రియో హర్యాంటోది. సీజన్ మధ్యలో ఆ డబ్బు అయిపోయింది, ఆగస్టులో బెల్జియం రేసుకి ఆ సీట్లో ఎవరు కూర్చున్నారంటే ఎస్తబాన్ ఓకాన్, అతను కూడా మెర్సిడెస్ జూనియరే. అంటే ఏడాది తిరక్కముందే రెండు సీట్లూ ఇంజిన్ ఓనర్ మనుషులవే. వెర్లైన్ ఆస్ట్రియాలో పదో స్థానంలో వచ్చి ఒక్క పాయింటు తెచ్చాడు, ఆ ఒక్క పాయింటుతో టీము టేబుల్‌లో పదో స్థానంలో ఉంది, ప్రైజ్ మనీ వచ్చే స్థానం అది. నవంబర్‌లో బ్రెజిల్‌లో వాన పడింది, ఆ వానలో సాబర్ డ్రైవర్ ఫెలిపె నాసర్ తొమ్మిదో స్థానంలో వచ్చి రెండు పాయింట్లు పట్టుకుపోయాడు, మేనర్ పదకొండుకి జారింది, జనవరిలో దుకాణం మూసేసింది. వెర్లైన్ ఏం చేశాడంటే పోయి అదే సాబర్‌లో చేరాడు. నాసర్‌కి మాత్రం 2017లో సీటు దొరకలేదు, టీముని నిలబెట్టినోడికే సీటు పోయింది, ఈ ఆటలో ఇలాంటివి మామూలే.

సాబర్ వాళ్ళ సంగతీ తక్కువేం కాదు. డబ్బు కోసం 2015కి రెండు సీట్లని ముగ్గురికి ఒప్పుకున్నారు. మార్కస్ ఎరిక్సన్, నాసర్ స్పాన్సర్లతో వచ్చారు, వాళ్ళకంటే ముందే కాంట్రాక్టు ఉన్న గీడో వాన్ డర్ గార్డ్ నేరుగా మెల్బోర్న్ కోర్టుకి పోయి గెలిచాడు, గెలిచి శుక్రవారం ప్రాక్టీస్ టైముకి గ్యారేజీకి వచ్చి ఎరిక్సన్ రేస్ సూటు వేసుకుని నిలబడ్డాడు. తిరుపతి రైల్లో ఒకే బెర్తుకి రెండు టికెట్లు కన్ఫర్మ్ అయినట్టు ఉంది సీను. చివరికి దాదాపు కోటిన్నర యూరోలు ఇచ్చి అతన్ని పంపించారు. సీటు అమ్మి సంపాదించిందంతా సీటు కోసం కట్టాల్సి వచ్చింది.

ఇక పెద్ద బేరాల్లో అందరికీ గుర్తుండేది బొటాస్‌ది. 2016 నవంబర్ 27న నికో రోస్‌బర్గ్ చాంపియన్ అయ్యాడు, ఐదు రోజుల తర్వాత రిటైర్ అవుతున్నా అన్నాడు. మెర్సిడెస్‌లో ఖాళీ పడింది, డిసెంబర్ నెలలో మంచి డ్రైవర్ ఎవడు ఖాళీగా ఉంటాడు? విలియమ్స్‌లో కాంట్రాక్టులో ఉన్న వాల్టెరి బొటాస్‌ని అడిగారు. విలియమ్స్ కూడా మెర్సిడెస్ కస్టమరే, కాబట్టి డబ్బు చేతులు మారాల్సిన పని కూడా లేదు, ఇంజిన్ బిల్లులో తగ్గిస్తే సరి, అలాగే రాయితీ ఇచ్చారని వార్తలొచ్చాయి. విలియమ్స్ వాళ్ళేమో బ్రెజిల్‌లో కన్నీళ్ళతో వీడ్కోలు చెప్పి వెళ్ళిపోయిన ఫెలిపె మాసాని మళ్ళీ పిలిచారు. ఎందుకంటే రెండో డ్రైవర్ లాన్స్ స్ట్రోల్‌కి అప్పటికి 18 ఏళ్ళే, టీము ప్రధాన స్పాన్సర్ మద్యం కంపెనీ, యాడ్‌లో నిలబెట్టడానికి కాస్త వయసున్న మనిషి కావాలి. ఇంజిన్ రాయితీ కోసం ఒకడు పోతే మందు యాడ్ కోసం ఇంకొకడు వచ్చాడు. ఈ లెక్కలో ల్యాప్ టైము ఎక్కడుందో వెతుక్కోవాలి.

అయితే ఇంజిన్ అంటే కేవలం ధర అనుకుంటే కూడా పొరపాటే, అది పర్మిషన్ కూడా. తోతాపురి సీజన్‌లో చిత్తూరు వైపు పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరస చూసినవాళ్ళకి ఇది తెలుసు, కాయ ఎంత బాగున్నా టోకెన్ లేకపోతే ట్రాక్టర్ గేటు దాటదు. 2015లో రెడ్ బుల్‌కి అదే గతి పట్టింది. 2010 నుంచి 2013 దాకా వరసగా నాలుగు టైటిళ్ళు గెలిచిన టీము, జేబులో డబ్బుకి కొదవ లేదు, రెనోతో గొడవ పడి మెర్సిడెస్‌ని అడిగితే ఇవ్వం అన్నారు, ఫెరారీ కూడా కుదరదు అంది, మనకి పోటీ అయ్యేవాడికి మన ఇంజిన్ ఎందుకు అని. చివరికి తిట్టిన రెనో దగ్గరికే తిరిగి వచ్చి, ఆ ఇంజిన్ మీద ట్యాగ్ హాయర్ అని వాచీ కంపెనీ పేరు రాసుకుని 2016 నడిపారు. పెళ్ళిచూపుల్లో పేరు మార్చి చెప్పినట్టు.

అందుకే 2017 సెప్టెంబర్‌లో సింగపూర్‌లో జరిగిన మార్పిడి అంత ముఖ్యం. మెక్‌లారెన్‌కి హోండా వద్దు, రెనో కావాలి. రెనో ఇంజిన్ అప్పుడు రెడ్ బుల్ చిన్న టీము టోరో రోసో దగ్గరుంది. హోండాకి వెళ్ళడానికి టీము కావాలి, లేకపోతే ఆట నుంచే పోతుంది. రెనో ఏమడిగిందంటే, టోరో రోసోని కాంట్రాక్టు నుంచి వదిలేస్తాం, బదులుగా మీ కార్లోస్ సైన్స్‌ని మాకివ్వండి అని. ఇచ్చారు. అక్టోబర్‌లో ఆస్టిన్ రేసుకల్లా సైన్స్ రెనో పసుపు సూటులో ఉన్నాడు, అతని కోసం జోలియన్ పామర్ సీటు పోయింది. ఒక ఇంజిన్ కాంట్రాక్టు కాగితం చింపడానికి రేటు ఒక డ్రైవర్ అని బాహాటంగా తేలిపోయింది. అప్పట్లో అందరూ నవ్వింది రెడ్ బుల్‌ని చూసే, చెత్త ఇంజిన్ నెత్తిన పెట్టుకున్నారు అని, సుజుకాలో మెక్‌లారెన్ డ్రైవర్ ఫెర్నాండో అలోన్సో రేడియోలో జీపీ2 ఇంజిన్ (ఎఫ్1 కింది స్థాయి రేసుల ఇంజిన్) అని అరిచిన ఇంజిన్ కదా అది. టోరో రోసోలో ఏడాది మరమ్మతు చేసుకున్న హోండా 2019లో రెడ్ బుల్ పెద్ద కారులోకి వచ్చింది, 2021లో మాక్స్ వెర్‌స్టాపెన్‌ని చాంపియన్ చేసింది. ఈ మొత్తం బేరంలో ఎక్కువ లాభపడింది సైన్స్‌ని వదులుకున్నవాళ్ళే.

మన వైపు డ్రైవర్లకి కూడా ఈ గాలి తగిలింది, కాకపోతే ఇంజిన్ రూపంలో కాదు. కోయంబత్తూరు నరేన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ అనే టీములో నడిపి ఎఫ్1లో మొదటి భారతీయుడయ్యాడు, 2011లో హెచ్ఆర్‌టీ అనే టీములో సీటు సంపాదించాడు, సీజన్ మధ్యలో ఆ సీటు డేనియల్ రికార్డోకి పోయింది, రికార్డో రెడ్ బుల్ పిల్లోడు, నేర్చుకోడానికి ఒక కారు కావాలి. అంతకుముందు ఏడాది అదే టీములో చెన్నై కరుణ్ చందోక్‌కీ అలాగే మధ్యలో సీటు పోయింది. 2011 అక్టోబర్‌లో గ్రేటర్ నోయిడాలో మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీకి మాత్రం కార్తికేయన్‌ని మళ్ళీ పిలిచారు, టికెట్లు అమ్ముడుపోవాలి కదా.

2021 నుంచి లెక్క మారడం మొదలైంది. టీములకి ఖర్చు మీద పరిమితి పెట్టారు, ఆ ఏడాది 14.5 కోట్ల డాలర్లు, 2023కి 13.5 కోట్లు. డ్రైవర్ జీతం ఇందులో కలపరు, అందుకే స్టార్ల జీతాలు తగ్గలేదు. 2023 నుంచి ఇంజిన్ తయారు చేసే కంపెనీలకీ పరిమితి వచ్చింది, ఏడాదికి 9.5 కోట్ల డాలర్లు, మన లెక్కలో 800 కోట్ల పైమాట, 2026 నుంచి 13 కోట్ల డాలర్లు. ఎంజీయూ-హెచ్ అనే తలనొప్పిని 2026లో తీసేశారు, ఎంజీయూ-కె మాత్రం 120 కిలోవాట్ల నుంచి 350కి పెంచారు, అంటే ఘాట్ రోడ్డులో పోయే వేడిలో ఇప్పుడు దాదాపు మూడింతలు పట్టుకుంటున్నారు అన్నమాట. ఆ మార్పు చూసే ఆడీ వచ్చింది, ఫోర్డ్ రెడ్ బుల్‌తో కలిసింది, అంతకుముందు ఎఫ్1 వదిలి పోతున్నా అన్న హోండా ఉండిపోయింది.

పోయింది మాత్రం రెనో. 2025 చివర్లో వీరీ-షాతియోన్ ఫ్యాక్టరీలో ఎఫ్1 ఇంజిన్ పని ఆపేసి, తన సొంత టీము ఆల్పీన్‌కి మెర్సిడెస్ ఇంజిన్ బాడుగకి తెచ్చుకుంది. సొంత జేసీబీ అమ్మేసి పక్కూరి జేసీబీని పిలిచినట్టు, వినడానికి అవమానంగా ఉంటుంది గానీ లెక్క చూస్తే తప్పనిపించదు. మెక్‌లారెన్ బాడుగ మెర్సిడెస్ ఇంజిన్‌తోనే 2024, 2025 రెండేళ్ళూ టీము టైటిల్ కొట్టింది, 2025లో లాండో నోరిస్ 423 పాయింట్లతో చాంపియన్, వెర్‌స్టాపెన్‌కి 421. ఇంజిన్ తయారు చేసే మెర్సిడెస్ టీమేమో 2024లో నాలుగో స్థానం. సరుకు అదే ఇస్తున్నారు, సెట్టింగులు కూడా అవే ఇవ్వాలని రూలు ఉంది, ఇంక సొంతంగా కట్టుకుని వందల కోట్లు ఎందుకు పోయాలి అని పారిస్‌లో కూర్చున్న అకౌంటెంట్ అడిగితే జవాబు చెప్పడం కష్టమే. ఆ ఫ్యాక్టరీలో దశాబ్దాలుగా ఇంజిన్లు కట్టినవాళ్ళ బాధ వేరు, అది లెక్కల పుస్తకంలో కనపడదు.

టీముల విలువ పెరగడంతో ఇంజిన్‌తో పాటు ఆపరేటర్ రావడం కూడా తగ్గింది. 2026లో కొత్తగా వచ్చిన కాడిలాక్ ఫెరారీ ఇంజిన్ వాడుతున్నా సీట్లలో కూర్చున్నది సెర్జియో పెరెజ్, బొటాస్, ఫెరారీ పిల్లలు కాదు. విలియమ్స్‌లో సైన్స్, అల్బాన్, మెర్సిడెస్ జూనియర్ ఒక్కడూ లేడు, 2019 నుంచి 2021 దాకా జార్జ్ రసెల్‌ని మెర్సిడెస్ అక్కడే పెంచింది మరి. ఇంకా పాత పద్ధతి కనపడేది హాస్‌లో, ఫెరారీ ఇంజిన్, ఫెరారీ అకాడమీ ఒలివర్ బేర్‌మన్. అతను బాగా నడుపుతాడు కాబట్టి ఎవరికీ నొప్పి లేదు.

ఈ బాడుగ బంధం ఎప్పుడు తెగుతుందో 2018లో ఫోర్స్ ఇండియాలో చూశాం. విజయ్ మాల్యా టీము, మెర్సిడెస్ ఇంజిన్, డ్రైవర్లు పెరెజ్, ఓకాన్. ఓకాన్ మెర్సిడెస్ మనిషి. టీము చుట్టూ బాకీలు, పెరెజ్‌కి రావాల్సిన జీతం రాలేదు, ఇంజిన్ డబ్బులు మెర్సిడెస్‌కీ రావాలి. జూలైలో హంగరీ రేసు వారాంతంలోనే పెరెజ్ లండన్ కోర్టులో వేసిన కేసుతో టీము అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే అప్పుల కంపెనీని బయటి అధికారులు నడిపే స్థితిలోకి, వెళ్ళింది, మెర్సిడెస్ కూడా దానికి వెనక నిలబడింది, నేను చేయకపోతే 400 మంది ఉద్యోగాలు పోయేవి అని పెరెజ్ తర్వాత చెప్పుకున్నాడు. తన యజమాని మీద తనే కేసు వేసి అదే వారం అదే కారు నడిపిన డ్రైవర్ ఇంకొకడు దొరకడు. ఆగస్టులో లారెన్స్ స్ట్రోల్ తోటివాళ్ళతో కలిసి టీముని కొన్నాడు, ఆ వెంటనే బెల్జియంలో ఓకాన్ గ్రిడ్‌లో మూడో స్థానం, పెరెజ్ నాలుగు.

అంత బాగా నడిపిన ఓకాన్‌కి 2019లో సీటు లేదు. చేను కొన్నాయన బాకీలు తీర్చేశాడు, ఇంక ఇంజిన్ ఓనర్ మనిషిని భరించాల్సిన అవసరం ఏముంది, ఆ సీట్లో తన కొడుకు లాన్స్‌ని కూర్చోబెట్టాడు. ఓకాన్ ఏడాదంతా మెర్సిడెస్ గ్యారేజీలో హెడ్‌సెట్ పెట్టుకుని రిజర్వ్‌గా నిలబడ్డాడు. ఆ టీమే ఇప్పటి ఆస్టన్ మార్టిన్, 2026 నుంచి అందులో హోండా ఇంజిన్, స్టీరింగ్ వెనక ఒకప్పుడు హోండాని జీపీ2 ఇంజిన్ అని తిట్టిన అలోన్సో. రెండో సీటు సంగతి అడగక్కర్లేదు, లాన్స్ అక్కడే ఉన్నాడు, మెర్సిడెస్ ఇంజిన్ పోయి హోండా వచ్చినా ఆ సీటు కదల్లేదు.